దక్షిణ చైనా సముద్రంలో ఆ సబ్‌మెరైన్ నిజంగా కొండనే గుద్దుకుందా?

మీరు అడిగినవి మూడు. 2021లో అమెరికా సబ్‌మెరైన్ దక్షిణ చైనా సముద్రంలో "గుర్తు తెలియని కొండ"ను ఢీకొట్టిందన్నారు, అంత టెక్నాలజీ ఉండి కొండ కనపడకపోవడమేమిటి? చైనా సబ్‌మెరైన్‌నే గుద్ది దాచిపెడుతున్నారా? అసలు ఆ నీళ్లు ఎవరివి? చివర్లో ఇంకో మాట కూడా రాశారు, నేవీలో ఉన్న మీ అబ్బాయి సబ్‌మెరైన్లకు వెళతానని పేరు ఇచ్చాడని, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉందని. అసలు ప్రశ్న అదేనని నాకు అర్థమైంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందు నా సంగతి. నేను నేవీ మనిషిని కాదు. మర్చంట్ నేవీలో ఇరవై ఏళ్లకు పైగా చేశాను, అందులో చాలా కాలం సెకండ్ ఆఫీసర్‌ని. ఓడలో దారి గీసేది, చార్టులు చూసుకునేది సెకండ్ ఆఫీసరే. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్ కూడా అతనిదే. సింగపూర్ నుంచి హాంకాంగ్ వైపు ఆ సముద్రంలో ఎన్నిసార్లు వెళ్లానో లెక్క లేదు. సబ్‌మెరైన్ లోపల తలుపులు ఎలా వేస్తారో నేను చెప్పలేను కానీ, చార్టు మీద లేని కొండ అంటే ఏమిటో, ఉన్న కొండను మనిషి ఎలా చూడకుండా పోతాడో మాత్రం బాగా తెలుసు.

అది కొండే. నాకైతే అనుమానం లేదు.

కొండ ఎందుకు కనపడలేదంటే, సబ్‌మెరైన్‌కు కిటికీ ఉండదు. ముందు అద్దం, హెడ్‌లైట్లు, అవేవీ లేవు. ఉన్నా లాభం లేదు, వంద మీటర్ల లోతులో వెలుతురు కొద్ది దూరం మించి పోదు. జీపీఎస్ సిగ్నల్ నీళ్లలోకి దిగదు, రాడార్ పనిచేయదు. మిగిలింది చెవి ఒక్కటే. ఆ చెవి పేరు సోనార్. అది రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి, తానే ఒక శబ్దం చేసి, అది దేనికో తగిలి తిరిగొచ్చేదాకా ఆగి దూరం లెక్కపెట్టడం. రెండోది, తాను నోరు మెదపకుండా ఎదుటివాడి ప్రొపెల్లర్, పంపులు, ఇంజను చేసే చప్పుడు వినడం. యుద్ధ సబ్‌మెరైన్లు దాదాపు ఎప్పుడూ రెండో పద్ధతిలోనే ఉంటాయి. మొదటిది వాడితే చీకట్లో టార్చిలైటు వేసినట్టే. మనకు ఎదుటివాడు కనపడేలోపే మనం అందరికీ కనపడతాం.

ఇక్కడే చిక్కు. కొండ చప్పుడు చేయదు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన చెవి పెట్టుకుని విన్నా రాయి పలకదు. పైగా వేగం పెంచితే నీళ్లు సబ్‌మెరైన్ ఒంటి మీద రాసుకునే హోరుకు ఆ చెవి కూడా సగం మూసుకుపోతుంది. 20 నాట్ల వేగమంటే గంటకు 37 కిలోమీటర్లు, మన ఊళ్లో ఆర్టీసీ బస్సు వేగం. సెకనుకు 10 మీటర్లు. వేల టన్నుల ఉక్కు ఆ వేగంతో పోతుంటే బ్రేకు అంటూ ఉండదు.

ముఖ్యంగా ఉన్న రక్షణ కిందికి చూసే ఎకో సౌండర్. అడుగున ఎంత లోతుందో చెబుతుంది. అది కూడా శబ్దమే కాబట్టి పొదుపుగా వాడతారు. అది చెప్పేది మన కాళ్ల కింద ఉన్న లోతు, మన ముందున్న లోతు కాదు. ఆ సముద్రం మధ్యలో లోతు 4,000 మీటర్లు దాటే చోట్లున్నాయి, వాటి పక్కనే నిటారుగా లేచిన దిబ్బలూ ఉన్నాయి. చైనా, ఫిలిప్పీన్స్ కొట్టుకుంటున్న స్కార్‌బరో దిబ్బ చుట్టూ లోతు సుమారు 3,500 మీటర్లు, దిబ్బ మాత్రం నీటి పైకి తల పెట్టి ఉంటుంది. స్ప్రాట్లీ దీవులున్న ప్రాంతానికి బ్రిటిష్ చార్టుల మీద పెట్టిన పేరే "డేంజరస్ గ్రౌండ్". సరుకు ఓడలు దాన్ని చుట్టి పోతాయి తప్ప లోపలికి పోవు. నేనెప్పుడూ పోలేదు.

మరి చార్టుల్లో అన్నీ ఉండవా? ఉండవు. ప్రపంచ సముద్రాల అడుగు ఇప్పటిదాకా సరిగ్గా కొలిచింది నాలుగో వంతు మాత్రమే. మిగతాది ఉపగ్రహాలు నీటి మట్టం కొలిచి వేసిన అంచనా, లేదా ఎప్పుడో ఎవరో ఓడ మీద పోతూ వేసుకున్న ఒక్కో అంకె. చార్టు మీద కొన్నిచోట్ల "పి.ఎ." అని ఉంటుంది, అంటే చోటు సుమారుగా అని. కొన్నిచోట్ల "ఇ.డి." అని ఉంటుంది, అంటే అసలు అది ఉందో లేదో అనుమానమని. "రిపోర్టెడ్" అని రాసి పక్కన ఏదో పాత సంవత్సరం వేసి ఉంటుంది. ఎవరో కెప్టెన్ నీళ్ల రంగు తేడాగా ఉందని చెబితే అదీ చార్టు మీదికి ఎక్కుతుంది. నా పాఠం నేను నేర్చుకున్నది ఇలాంటి దానితోనే. వారం వారం వచ్చే దిద్దుబాట్లను చార్టు మీద ఎర్ర సిరాతో ఎక్కించడం నా పని. ఒక ట్రిప్పులో ఒకటి ఎక్కించలేదు, మర్చిపోయాను. కెప్టెన్ పట్టుకుని అందరి ముందూ తిట్టలేదు, ఆ చార్టు తీసి నా చేతిలో పెట్టి "నువ్వు నిద్రపోయేటప్పుడు ఈ ఓడ ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించుకో" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వద్దాం. ఆ సబ్‌మెరైన్ యు.ఎస్.ఎస్. కనెక్టికట్. సీవుల్ఫ్ రకం, అమెరికా దగ్గర ఉన్నవే మూడు. సోవియట్ సబ్‌మెరైన్లను వేటాడటానికని డిజైన్ చేసి 29 కట్టాలనుకున్నారు, సోవియట్ యూనియనే లేకుండా పోయాక మూడుతో ఆపేశారు. 2021 అక్టోబర్ 2న ప్రమాదం. 7న ప్రకటన వచ్చింది. ఆ ప్రకటనలో "ఇండో పసిఫిక్‌లోని అంతర్జాతీయ జలాల్లో" "ఒక వస్తువును" ఢీకొట్టిందని మాత్రమే రాశారు. ఏ సముద్రమో లేదు, ఏ వస్తువో లేదు. 11 మందికి దెబ్బలు తగిలాయని, రియాక్టరుకు ఏమీ కాలేదని చెప్పారు. దక్షిణ చైనా సముద్రమన్న మాట పేపర్లవాళ్లు బయటకు లాగిందే. మీలాంటి వాళ్లకు అనుమానం వచ్చిందంటే తప్పు మీది కాదు. ఐదు రోజులు నోరు మూసుకుని, తెరిచాక సగమే చెబితే మిగతా సగం ఊరు నింపుతుంది.

బీజింగ్ ఊరుకుంటుందా? ఎక్కడ జరిగింది, ఎందుకొచ్చారు, అణు లీకేజీ ఉందా అని వాళ్ల విదేశాంగ శాఖ పదే పదే అడిగింది. నవంబర్ 1న అమెరికా ఏడో ఫ్లీట్ అది చార్టులో లేని సముద్రగర్భ కొండ అని తేల్చింది. మూడు రోజులకు కెప్టెన్‌ని, అతని తర్వాతి అధికారిని, నావికుల్లో పెద్దను, ముగ్గురినీ పదవుల నుంచి తప్పించింది. నాకు ముఖ్యమనిపించింది ఈ చివరి సంగతే. కొండ చార్టులో లేకపోతే కెప్టెన్‌ది తప్పెలా అవుతుంది?

జవాబు 2022 మేలో బయటపెట్టిన విచారణ నివేదికలో ఉంది. కొన్ని భాగాలు నల్లసిరా పూసేశారు కానీ మిగిలింది చాలు. ఒక నావికుణ్ణి దింపడానికి సబ్‌మెరైన్ ఒకినావా వైపు పోతోంది, అంటే వేట కాదు, గూఢచర్యం కాదు, ప్రయాణం. దారి గీసిన బృందం దాన్ని మామూలు లోతు సముద్రంగా లెక్కేసింది. ఆ చుట్టుపక్కల కనీసం పది చోట్ల ప్రమాదాలను చార్టు మీద గుర్తించి గీత గీయాల్సింది, గీయలేదు. సౌండర్ చూపిస్తున్న లోతు చార్టు చెబుతున్న లోతు కంటే తగ్గుతూ వస్తోంది. వాచ్‌లో ఉన్న అధికారికి అది తేడాగా అనిపించింది కూడా. అనిపించి, గట్టిగా ఏమీ చేయలేదు. అంతే. ఏ ఒక్కరి తప్పూ కాదు, చిన్నచిన్న నిర్లక్ష్యాలన్నీ ఒకచోట పోగయ్యాయి, నివారించగలిగిన ప్రమాదమే అని నివేదిక తేల్చింది. ప్రమాదం జరిగిన 2021లోనే, ఏప్రిల్లో, ఇదే సబ్‌మెరైన్ శాన్‌డియేగోలో జెట్టీకి కూడా తగిలించుకుంది. అప్పుడే ఎవరైనా మేల్కొని ఉండాల్సింది.

వాచ్‌లో నిలబడ్డవాడికి ఆ క్షణం ఎలా ఉంటుందో నాకు తెలుసు. రాత్రి రెండు గంటలు. అంకె 20 మీటర్లు తేడాగా వచ్చింది. కెప్టెన్‌ని లేపాలా? లేపితే, ఏమీ లేకపోతే? ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనిపిస్తుంది. నేనూ చూశాను అలా, ఒకటికి రెండుసార్లు. నా కింద ఏమీ లేదు కాబట్టి ఇవాళ ఈ జవాబు రాస్తున్నాను.

పదహారేళ్ల ముందు వాళ్లకే ఇంతకంటే ఘోరమైనది జరిగింది. 2005 జనవరి 8న యు.ఎస్.ఎస్. శాన్‌ఫ్రాన్సిస్కో గువామ్ నుంచి ఆస్ట్రేలియాకు పోతూ 525 అడుగుల లోతులో, పూర్తి వేగంతో, కొండను నేరుగా కొట్టింది. ఒకరు చనిపోయారు, 98 మందికి దెబ్బలు. ముక్కు అప్పడంలా నలిగింది. ముందున్న తేలే ట్యాంకులు పగిలాయి, అయినా లోపలి గట్టి ఉక్కు పెంకు నిలబడింది, ఎలాగో పైకి తేలారు. వాళ్లు వాడుతున్న చార్టులో అక్కడ కొండ లేదు, నిజమే. కానీ అదే సబ్‌మెరైన్‌లో ఉన్న ఇంకో చార్టులో దగ్గర్లోనే "నీళ్లు రంగు మారి ఉన్నాయి" అన్న గుర్తుంది. అది ఈ చార్టు మీదికి ఎక్కలేదు. నా ఎర్ర సిరా గుర్తొచ్చిందా? అక్కడ చైనా లేదు, వివాదం లేదు, నడి పసిఫిక్. కొండకు రాజకీయం తెలియదు.

అందుకే చైనా సబ్‌మెరైన్‌నే గుద్దిందనే కథను నేను నమ్మను. ఇంకో సబ్‌మెరైన్‌కు తగిలితే అవతలివాడికీ దెబ్బ తగలాలి, అతనూ ఎక్కడో రేవులో తేలాలి. అలాంటిదేమీ బయటపడలేదు. పైగా చైనా అలాంటి అవకాశం వస్తే వదులుకునేది కాదు.

అయితే మీ అనుమానం పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. సబ్‌మెరైన్లు ఒకదాన్నొకటి గుద్దుకోవడం జరిగింది, చాలాసార్లు జరిగింది. ప్రచ్ఛన్న యుద్ధంలో దీనికి అసలు అడ్డా రష్యా ఉత్తరాన బారెంట్స్ సముద్రం. అమెరికా సబ్‌మెరైన్లు రష్యా రేవుల బయట కాపు కాసేవి. బయటికి వచ్చిన సబ్‌మెరైన్ వెనకాలే నీడలా పోయి దాని ప్రొపెల్లర్ చప్పుడు రికార్డు చేసుకునేవి, ప్రతిదానికీ గొంతు వేరేగా ఉంటుంది కాబట్టి. ప్రొపెల్లర్ చప్పుడు వల్ల వెనకవైపు ఎవరికీ సరిగా వినపడదు. వెనకాల ఎవడైనా ఉన్నాడేమోనని రష్యా కెప్టెన్లు ఉన్నట్టుండి వెనక్కి తిరిగేవాళ్లు. వెంటాడేవాడు మరీ దగ్గరగా ఉంటే ఇక అంతే. 1969లో సోవియట్ కె-19, అమెరికా గాటో అలాగే బారెంట్స్‌లో తగులుకున్నాయి. 1970లో రష్యా తూర్పున కమ్చాట్కా దగ్గర అమెరికా టాటాగ్, ఒక సోవియట్ సబ్‌మెరైన్ తగులుకున్నాయి. ఇవన్నీ అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

బయటకు చెప్పినది 1992 ఫిబ్రవరి 11న జరిగింది. కిల్దిన్ దీవి దగ్గర రష్యా టైటానియం సబ్‌మెరైన్ కె-276 పైకి లేస్తోంది. దాని పైనే అమెరికా బాటన్‌రూజ్ ఉంది. కింద నుంచి వచ్చి దాని పొట్టకు తగిలింది. ఎవరూ చనిపోలేదు. సోవియట్ యూనియన్ రద్దయి రెండు నెలలు కాలేదు, పది రోజుల కిందటే బుష్, యెల్త్సిన్ క్యాంప్ డేవిడ్‌లో కూర్చుని ఇక మనం శత్రువులం కాదన్నారు. నీళ్ల కింద మాత్రం ఎవరికీ ఆ కబురు అందలేదు. రష్యా వాళ్లు తమ సబ్‌మెరైన్ పైభాగం మీద ఎర్ర నక్షత్రం వేసి మధ్యలో "1" అని రాసుకున్నారట. రెండో ప్రపంచ యుద్ధంలో ముంచిన ఓడలను అలా లెక్కపెట్టేవాళ్లు. నాకు ఆ నవ్వు అర్థమవుతుంది, పరువు పోయిన చోట నవ్వే మిగులుతుంది. ఏడాది తిరిగేసరికి, 1993 మార్చి 20న, గ్రేలింగ్ అనే అమెరికా సబ్‌మెరైన్ రష్యా క్షిపణి సబ్‌మెరైన్ నొవొమొస్కొవ్‌స్క్‌ను గుద్దింది. ఈసారి క్లింటన్ యెల్త్సిన్‌కు విచారం తెలపాల్సి వచ్చింది.

నీటి పైన పోయే ఓడకు కూడా దిక్కు లేదు. 1984 మార్చిలో జపాన్ సముద్రంలో కె-314 అనే సోవియట్ సబ్‌మెరైన్, తాను వెంటాడుతున్న అమెరికా విమాన వాహక నౌక కిట్టీహాక్ కిందే పైకి లేచి దానికి తగిలింది. ప్రొపెల్లర్ ముక్క ఒకటి కిట్టీహాక్ పొట్టలో గుచ్చుకుపోయింది. చైనాది కూడా ఒకటుంది. 2009 జూన్‌లో ఫిలిప్పీన్స్ సుబిక్ బే దగ్గర అమెరికా డిస్ట్రాయర్ జాన్ ఎస్. మెకెయిన్ వెనకాల లాగుతున్న సోనార్ తాడుకు చైనా సబ్‌మెరైన్ తగిలింది. ఆ తాడు పెట్టుకున్నదే సబ్‌మెరైన్లను కనిపెట్టడానికి.

అన్నిటికంటే నాకు నచ్చింది (నచ్చింది అనకూడదేమో) 2009 ఫిబ్రవరిలో అట్లాంటిక్‌లో జరిగింది. బ్రిటన్ వాన్‌గార్డ్, ఫ్రాన్స్ ల ట్రియోంఫాంట్. రెండూ అణు క్షిపణులు మోసేవే, రెండూ మిత్రదేశాలవే. నిండు సముద్రంలో రెండూ వచ్చి ఒకదానికొకటి తగిలాయి. మాకేదో నీళ్లలో మునిగిన కంటైనర్ తగిలినట్టుంది అని ఫ్రాన్స్ మొదట చెప్పింది. సరుకు ఓడల వాళ్లం కదా, తప్పు మా మీదికి తోశారన్నమాట! మిత్రులు మామూలు సబ్‌మెరైన్ల విషయంలో సముద్రంలో ఏ భాగం ఎవరిదో పంచుకుంటారు. అణు క్షిపణులున్నవి ఎక్కడున్నాయో మాత్రం సొంత తమ్ముడికి కూడా చెప్పరు. రెండూ ఎంత నిశ్శబ్దంగా ఉన్నాయంటే, రెండోది పక్కనే ఉన్నా మొదటిదానికి వినపడలేదు. పోటీ పెరిగేకొద్దీ ప్రతివాడూ నిశ్శబ్దాన్ని ఇంకా పెంచుతాడు, దాంతోపాటు ఢీకొనే అవకాశమూ పెరుగుతుంది. ప్రమాదం శత్రువు వల్ల కంటే దాక్కోవడం వల్లే ఎక్కువగా వస్తుందని నేననేది ఇందుకే. కనెక్టికట్‌దీ ఒకరకంగా అదే: దాక్కునేవాడు టార్చి వేయలేడు.

ఇక నీళ్లు ఎవరివి. చట్టం మాట చెబుతాను, తర్వాత వాస్తవం. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశానిది. అందులో పరాయి సబ్‌మెరైన్ పోవచ్చు, కానీ పైకి తేలి జెండా ఎగరేసి పోవాలి. 200 మైళ్ల దాకా చేపలు, చమురు ఆ దేశానివి, ఓడలు మాత్రం అందరివీ తిరగొచ్చు. యుద్ధనౌకల సంగతి దగ్గరే గొడవంతా. తిరగడమే కాదు, విన్యాసాలు చేయడం, వినడం, కొలవడం కూడా మా హక్కే అంటుంది అమెరికా. కుదరదంటుంది చైనా. పైగా చైనా ఆ సముద్రంలో చాలా భాగాన్ని తొమ్మిది గీతలు గీసి తనదంటుంది. 2016 జూలైలో హేగ్ ట్రిబ్యునల్ ఆ గీతలకు చట్టబలం లేదంది, చైనా ఆ తీర్పును ఒప్పుకోలేదు. తమాషా ఏమిటంటే, చట్టం చట్టమని అరిచే అమెరికా ఆ ఒప్పందాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు.

1992లో కిల్దిన్ దగ్గర కూడా ఇదే పేచీ. రష్యా తీరంలో మలుపుల మీదుగా తాడు లాగినట్టు గీత గీసి అక్కడి నుంచి 12 మైళ్లు లెక్కపెట్టింది. అమెరికా మాత్రం నేరుగా రష్యా తీరం అంచు నుంచే లెక్కపెట్టింది. ఇద్దరి లెక్కలోనూ అంకె పన్నెండే, ఢీకొన్న చోటు ఒకరికి ఇల్లు, ఒకరికి రోడ్డు.

మనవాళ్లు దీన్ని చైనా దాదాగిరీగా మాత్రమే చూస్తారు. అది నిజమే, కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. 1995లో సముద్ర చట్టాన్ని ఆమోదిస్తూ మన దేశం కూడా, మా 200 మైళ్లలో మా అనుమతి లేకుండా పరాయి సైన్యాలు విన్యాసాలు చేయకూడదని రాసిచ్చింది. 2021 ఏప్రిల్‌లో అమెరికా జాన్ పాల్ జోన్స్ అనే యుద్ధనౌకను లక్షద్వీప్‌కు పడమర 130 మైళ్ల దూరంలో నడిపి, భారత్ అనుమతి అడగకుండానే వెళ్లామని తానే ప్రకటించింది. మన విదేశాంగ శాఖ అభ్యంతరం చెప్పింది. ఈ ఒక్క విషయంలో మన వాదన వాషింగ్టన్ కంటే బీజింగ్‌కే దగ్గర.

అమెరికా దక్షిణ చైనా సముద్రంలోనే ఎందుకు తిరుగుతుందంటే, హైనాన్ దీవి దక్షిణాన యూలిన్‌లో చైనా అణు సబ్‌మెరైన్ల స్థావరం ఉంది. అక్కడి నుంచి లోతు నీళ్లకు వచ్చే దారి మీద చెవి పెట్టి కూర్చోవాలి. ముప్పై ఏళ్ల కింద బారెంట్స్‌లో చేసిన పనే, చోటు మారింది. అప్పట్లో కనీసం 1972లో మాస్కోలో ఒక ఒప్పందం రాసుకున్నారు, సముద్రం మీద ఎదురుపడితే ఎలా నడుచుకోవాలో. 2014లో చైనాతో సహా పసిఫిక్ దేశాలు చింగ్‌దావ్‌లో అలాంటి నియమావళికే ఒప్పుకున్నాయి. ఇవన్నీ ప్రధానంగా నీటి పైన ఉన్న ఓడల కోసం. మునిగి ఉన్నవాడు అక్కడ ఉన్నానని ఒప్పుకుంటే కదా వాడికి నియమం పెట్టేది.

పుకార్ల గురించి కూడా ఒక మాట. 2000 ఆగస్టు 12న బారెంట్స్‌లో రష్యా సబ్‌మెరైన్ కుర్‌స్క్ మునిగి 118 మంది పోయినప్పుడు రష్యా పెద్దలు చాలా రోజులు విదేశీ సబ్‌మెరైన్ గుద్దిందన్నారు. ఆ విన్యాసాలను చూడటానికి అమెరికా సబ్‌మెరైన్లు వచ్చిన మాట నిజం, కాబట్టి కథ అతికింది. రష్యా సొంత విచారణే చివరికి తేల్చింది: టార్పెడోలో ఇంధనం లీకై పేలింది, రెండు నిమిషాలకు మిగతావి పేలాయి. వెనక గదిలో 23 మంది కొన్ని గంటలు బతికి ఉన్నారు. బయటివాళ్ల సాయం తీసుకోవడానికి మాస్కో రోజులు తాత్సారం చేసింది, నార్వే డైవర్లు తలుపు తెరిచేసరికి 21వ తేదీ. విశాఖవాళ్లకు పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఉండనే ఉంది. 1971 డిసెంబర్ 3-4 రాత్రి మన తీరంలో మునిగింది, 93 మందితో. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మనం, లోపలి పేలుడో తాను పెట్టిన మైనో అని పాకిస్తాన్. యాభై ఏళ్లు దాటినా రెండు కథలూ రెండు దేశాల్లో అలాగే ఉన్నాయి. ఆర్.కె. బీచ్‌లో విజయ స్తూపం ముందు ఐస్‌క్రీం తింటూ ఇదే వాదన పెట్టుకున్న మామయ్యలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, మా ఇంట్లో ఇద్దరున్నారు.

ఇప్పుడు మీ అబ్బాయి సంగతి. ఇంట్లో ధైర్యం చెప్పడానికి పనికొచ్చేది ఒకటుంది. కుర్‌స్క్ తర్వాత దేశాలకు కొంత బుద్ధి వచ్చింది. 2003లో, మునిగిన సబ్‌మెరైన్లలోని వాళ్లను కాపాడటానికని, ఒక అంతర్జాతీయ సమన్వయ కార్యాలయం పెట్టారు, ఎవరిది మునిగినా దగ్గర్లో ఉన్నవాళ్లకు కబురు వెళుతుంది. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా సబ్‌మెరైన్ నంగ్గాలా బాలి ఉత్తరాన కనపడకుండా పోయినప్పుడు, మర్నాడే మన నేవీ విశాఖ నుంచి, మునిగినవాళ్లను బయటికి తెచ్చే చిన్న రక్షణ సబ్‌మెరైన్‌ను ఓడ ఎక్కించి పంపింది. సింగపూర్, మలేషియా, ఆస్ట్రేలియా, అమెరికా కదిలాయి. దొరికింది 838 మీటర్ల లోతులో, మూడు ముక్కలై. 53 మందిలో ఎవరూ మిగల్లేదు. మనది దారిలో ఉండగానే వెనక్కి పిలిచారు. ఆ శకలాలు తీయడానికి తర్వాత చైనా నేవీ ఓడలు కూడా వచ్చాయి. మన రక్షణ సబ్‌మెరైన్ దిగగలిగే లోతు 650 మీటర్లు, కాబట్టి అన్ని ప్రమాదాలకూ అది మందు కాదు. లోతు తక్కువైన చోట మునిగితే మాత్రం అదే ప్రాణం.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే, అప్పుడు దాన్ని మోసుకెళ్లడానికి మనకు సొంత ప్రత్యేక ఓడ లేదు. 2025 జూలైలో విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డు కట్టిన ఐఎన్ఎస్ నిస్తార్ నేవీలో చేరింది. ఆ పేరు కొత్తది కాదు, 1971లో ఘాజీ దగ్గర డైవర్లను దింపిన పాత ఓడ పేరే. కొత్త నిస్తార్ సెప్టెంబర్లోనే సింగపూర్‌లో జరిగిన సబ్‌మెరైన్ రక్షణ విన్యాసాలకు వెళ్లింది.

మీ అబ్బాయికి శిక్షణ విశాఖలోనే, ఐఎన్ఎస్ శాతవాహనలో. మునిగిన సబ్‌మెరైన్ నుంచి బయటపడటం కూడా అక్కడే నేర్పుతారు. సబ్‌మెరైన్లకు ఎవరినీ బలవంతంగా పంపరు, వెళతానన్నవాళ్లనే పరీక్షించి తీసుకుంటారు, అందులోనూ అందరూ నెగ్గరు. వీలుంటే అమ్మానాన్నలిద్దరూ ఒకసారి విశాఖ బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన పాత సబ్‌మెరైన్ కురుసుర ఎక్కి చూసి రండి. సోమవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు మూసేస్తారు. ముందువైపు టార్పెడోల గదిలో ఆ పడకలు చూశాక అబ్బాయితో మాట్లాడితే, అతను ఏం ఎంచుకుంటున్నాడో మీకూ తెలిసి మాట్లాడతారు. అతన్ని నా తరఫున ఒక్కటే అడగండి: అంకె తేడాగా కనపడితే రాత్రి రెండింటికి పై అధికారిని లేపే మొండితనం ఉందా అని.